డ్రైవరుగారి ఎర్ర గ్లాసు

ఇలా దగ్గరికి జరుగు, అమ్మడూ. అంత దూరాన కూర్చుంటే నా మాటలు సగం గోడకే వినిపిస్తాయి. కాళ్లు చాపుకో, ఫరవాలేదు. ఇది మఠం వేసుకుని వినాల్సినంత పెద్ద కథేం కాదు. ఇందులో రాజులు లేరు, రాజ్యాలు లేవు. మా తోడికోడలు ఉంది, కొన్ని ఎర్ర గ్లాసులు ఉన్నాయి.

ఆ పొద్దున మా తోడికోడలు గ్లాసులు కడుగుతోంది. వృద్ధాశ్రమంలో వంటగదిని ఆనుకుని ఒక ఇరుకు గది, అందులో లోతైన స్టీలు తొట్టి. వేడినీళ్ల ఆవిరికి ఆ గది కిటికీ అద్దం ఎప్పుడూ మసకగానే ఉంటుంది. ఆమె ఒక్కొక్క గ్లాసునూ నురగలోంచి పైకి తీసి, లోపల వేళ్లు తిప్పి, కిర్రుమనేదాకా తోమి బోర్లిస్తోంది. కిర్రుమనకపోతే మళ్లీ ముంచుతుంది. గ్లాసు శుభ్రమైందో లేదో కంటితో కాదు, చెవితో తెలుసుకునే మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. నీళ్లలో నాని నాని వేళ్ల కొసలు ఎండుద్రాక్షల్లా ముడుచుకుని ఉంటాయి. పిక్కల మీద నరాలు తాళ్లు మెలిపెట్టినట్టు ఉబ్బి ఉంటాయి. అవి ఈ పనిలో వచ్చినవి కావు. వాటి సంగతి తర్వాత చెబుతాను, మరిచిపోతే గుర్తు చెయ్యి.

గ్లాసులన్నీ ఒక్కటే రకం. ముదురు ఎరుపు ప్లాస్టిక్కు, వణికే చేతులకి పట్టు దొరికేలా రెండు పక్కలా పిడులు. ఎవరి గ్లాసు ఎవరిదో తెలియడానికి అడుగున తెల్ల పట్టీ అంటించి రాసి పెట్టారు. వరసగా తోముకుంటూ వచ్చిన ఆమె చెయ్యి ఒక గ్లాసు దగ్గర ఆగింది. దాని అడుగున ‘డ్రైవరుగారు’ అని ఉంది. మిగతావాటి అంచుల మీద పెదాల మరకలు ఉన్నాయి. దీని అంచు కడగకముందే కడిగినట్టుంది. అయినా దాన్ని అన్నిటికంటే ఎక్కువసేపు తోమింది. తప్పు చేసినవాళ్ల చెయ్యి అంతే, మురికి లేనిచోటే ఎక్కువ రుద్దుతుంది.

ఈ ఎర్ర గ్లాసుల గొడవ ఎలా మొదలైందో చెప్పకపోతే నీకు మిగతాది బోధపడదు. ఆన్‌లైన్‌లో ఒక వేదిక ఉందిట. పూర్వం పరిశోధన అంటే గడ్డాలు నెరిసిన పండితులు చేసేవారు. అక్కడ ఆ పని ఏఐ చేస్తుంది. ఎవరో ఒక ప్రశ్న వేస్తారు. ఏఐ ఆలోచించి, ఇలా చేసి చూడండి అని పద్ధతి రాసిస్తుంది. మనుషులు చేసి చూసి, ఏ పూట లెక్క ఆ పూట పంపిస్తారు. అది ఆ లెక్కలన్నీ కూడి, వడపోసి, వ్యాసం రాసి, అందరూ చదివేలా అక్కడే అచ్చు వేస్తుంది. చదివినవాళ్లకి నచ్చితే కింద ‘నడపండి’ అని ఒక మీట. అది నొక్కితే అదే పరిశోధన వాళ్ల ఊళ్లోనూ నడుస్తుంది. విత్తనం ఒకచోట, మొలకలు ఎక్కడెక్కడో.

ఆశ్రమంలో పెద్ద నర్సు అని ఒకావిడ ఉంది. మాట కరుకు, మనసు వెన్న. ఆవిడ ఆ వేదికలో వేసిన ప్రశ్న ఒక్కటే. ముసలివాళ్లు నీళ్లు తాగరు, తాగించడం ఎలా? ఏఐ ఎన్నెన్నో తిరగేసి చెప్పిందిట, చూపు మందగించినవాళ్లకి గాజు గ్లాసులో నీళ్లు కంటికి ఆనవు, ముదురు రంగు గ్లాసులో ఇచ్చి చూడండి, నాకూ కచ్చితంగా తెలియదు, అందుకే చేసి చూడమంటున్నాను అని. ఆవిడ మర్నాడే ఎర్ర గ్లాసులు తెప్పించింది.

గ్లాసులు పంచడం, తిరిగి తీసుకోవడం, ట్యాబ్‌లో నొక్కడం మా తోడికోడలి పని. ఒక్కొక్కరి గుర్తుకి ఎదురుగా మూడు మీటలు. ఖాళీ, సగం, ముట్టలేదు. అప్పటినుంచి ఆమెకి అక్కడ గ్లాసులమ్మ అని పేరు పడిపోయింది. కొన్నాళ్లకి వ్యాసం అచ్చయింది. ఎర్ర గ్లాసు వచ్చాక అందరూ నీళ్లు ఎక్కువ తాగుతున్నారని, అసలు ముట్టనివాళ్లు కూడా ఖాళీ చేస్తున్నారని అందులో ఉంది. అడుగున ‘నడిపినవారు’ అని రాసి పెద్ద నర్సు పేరు, దాని కింద మా తోడికోడలి పేరు. పెళ్లి శుభలేఖ తర్వాత ఆ పేరు అచ్చులో పడటం అదే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, “అక్కా, నా పేరు అచ్చులో పడింది” అంది. మొహం మాత్రం పేరు పడ్డ మనిషి మొహంలా లేదు. పోలీసులు కబురు పెట్టిన మనిషి మొహంలా ఉంది.

సరే, మళ్లీ ఆ పొద్దుటికి వద్దాం. గ్లాసులు నింపుకుని, బండి తోసుకుంటూ వరండాలోకి వచ్చింది. మొదటి గది టీచరమ్మది. ఆవిడ బడి మానేసినా నోరు మానలేదు.

“వచ్చావా గ్లాసులమ్మా! ఎరుపు చూసి మీద పడటానికి నేనేమైనా ఆంబోతునా?”

“తాగండి టీచరుగారూ. మీరు తాగకపోతే నాకు మార్కులు తక్కువ పడతాయి.”

“పడనీ! బతుకంతా మార్కులు వేశాను, ఒక్కడు బాగుపడితే ఒట్టు.” అంటూనే గటగటా తాగేసి గ్లాసు బోర్లించి చూపించింది. తర్వాత గొంతు తగ్గించి, “అవునే, ఆ చివరి గదిలో డ్రైవరు కిటికీ దగ్గర మొక్క చూశావా? ఇక్కడ మనుషులంతా వడిలిపోతుంటే అదొక్కటే పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. దానిక్కూడా ఎర్ర గ్లాసు ఇస్తున్నావా ఏంటి?” అని పకపకా నవ్వింది.

గ్లాసులమ్మ కూడా నవ్వింది. బండిమీద గ్లాసులు గలగలమన్నాయి. బండిని అంత విసురుగా ముందుకి తోసింది.

డ్రైవరుగారి గది వరండాకి ఆ కొసన. మరుగుదొడ్లు ఈ కొసన. ఈ ముక్క గుర్తుపెట్టుకో.

ఆయన బస్సు నడిపిన మనిషి. పొడుగ్గా ఉండేవాడు, ఇప్పుడు ఆ పొడుగంతా మంచంలో మడతలు పడి ఉంది. భుజాలు ఇంకా వెడల్పే, మధ్యలో కండ లేదు. కుడిచెయ్యి నిద్రలో కూడా గేరు మారుస్తున్నట్టు కదులుతూ ఉంటుంది. ఎవరితోనూ గొడవ పడడు, ఏమీ అడగడు. అడగడమంటే ఆయనకి చచ్చేంత సిగ్గు.

గ్లాసుల పరిశోధన మొదలైన రోజున ఆయన ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కకి జరిపాడు.

“చాలు తల్లీ.”

“అలా అంటే ఎలా బాబాయిగారూ, ఇది లెక్కలోకి వెళ్లాలి.”

“నీళ్లు తాగితే పోసుకోవాలి. పోసుకోవాలంటే ఒకర్ని పిలవాలి. పిలిస్తే వచ్చేలోపల...” అని ఆగిపోయాడు. దుప్పటి అంచు వేళ్లతో నలుపుతూ, “మొన్న పక్క మార్చడానికి వచ్చినమ్మాయి ముక్కు మూసుకుంది. తప్పు లేదులే, వాసనే మరి. నా బస్సులో ఒక్కరోజు కూడా ఎవరూ ముక్కు మూసుకోలేదు తల్లీ. డ్యూటీ ఎక్కితే దిగేదాకా నేను నీళ్లు ముట్టేవాణ్ని కాదు. బండి ఎక్కడపడితే అక్కడ ఆపలేం కదా. దాహం నాకు పాత చుట్టమే. దాన్ని వదిలెయ్. ఎవరికీ చెప్పకు” అన్నాడు.

ఇప్పుడు ఆ పిక్కల నరాల సంగతి చెబుతాను. మా తోడికోడలు పెళ్లైన కొత్తల్లోనే బట్టల కొట్లో చేరింది. షట్టరు తీసింది మొదలు దించేదాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే యజమాని కళ్లు ఎర్రబడతాయి. అమ్మేవాళ్లంతా ఆడపిల్లలే అయినా ఆ కొట్లో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు. పక్క సందులో ఎవరింటికైనా వెళ్లి బతిమాలుకోవాలి, రెండోసారి వెళితే వాళ్లు తలుపు తీయరు. అందుకని పిల్లలంతా నీళ్లు తాగడమే మానేశారు. మధ్యాహ్నానికి పెదాలు అట్టలు కట్టేవి. మడతలు విప్పి పరిచిన బట్టలు కొండలా పేరుకునేవి, వచ్చినవాళ్లు “ఇంకేమైనా ఉన్నాయా?” అనేవారు, ఆమె “ఉన్నాయండీ” అనేది. ఎవరికీ కాదని చెప్పడం ఆమెకి చేతకాదు. ఆ నోటికి ‘ఊ’ తప్ప ‘ఊహూ’ రాదు.

అందుకని డ్రైవరుగారి మాట ఆమెకి చెవిలో కాదు, ఒంట్లో వినిపించింది. ఎవరూ చూడకుండా ఆ నీళ్లు తీసుకెళ్లి కిటికీలో ఉన్న మొక్కకి పోసేసింది. ట్యాబ్ తీసి, గ్లాసు ఖాళీగానే ఉంది కదా అని తనకి తాను చెప్పుకుని, ‘ఖాళీ’ అని నొక్కింది. ఒక్కసారికే అనుకుంది. మొదటి అబద్ధం ఎప్పుడూ ఒంటరిగానే వస్తుంది, తర్వాత పరివారాన్నంతా పిలుచుకుంటుంది. పూటపూటా ఒక గుక్క ఆయనకి, మిగతాదంతా మొక్కకి. వ్యాసంలో ‘అసలు ముట్టనివాళ్లు కూడా ఖాళీ చేస్తున్నారు’ అని రాశారు చూడు, ఆ ముక్క ఆయన గురించే.

ఆ పొద్దున ఆమె గదిలోకి వెళ్లేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు బీటలు వారిన నేలలా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే వేళ్ల మధ్య లేచిన చర్మం లేచినట్టే నిలబడిపోయింది, ఒంట్లో నీళ్లు లేక కిందికి జారలేదు.

“బాబాయిగారూ, నీళ్లు.”

కళ్లు సగం తెరిచాడు. “టికెట్లన్నీ కొట్టేశావా? ఏంటి ఇంత ఆలస్యం?” అన్నాడు. ఆమెని ఎవరో పాత కండక్టరు అనుకున్నాడు. ముందెప్పుడూ అలా మతి తప్పలేదు.

ఆమె గ్లాసు పెదాలకి ఆనించింది. ఆ రోజు ఒక్క గుక్క కూడా లోపలికి పోలేదు. గడ్డం మీదుగా కారిపోయింది. కొంగుతో తుడిచి, గ్లాసు పట్టుకుని కిటికీ దాకా వెళ్లింది. మొక్క ఆకులు మిలమిలలాడుతున్నాయి. మట్టి నిన్నటి నీళ్లతో ఇంకా తడిగానే ఉంది. పోయలేకపోయింది. వెనక్కి తెచ్చి బల్లమీద పెట్టేసింది. ట్యాబ్‌లో ఏమీ నొక్కలేదు.

అప్పుడే డాక్టరు వచ్చాడు, వెనకాల పెద్ద నర్సు. డాక్టరు మంచివాడే, తొందర మనిషి. నాడి చూశాడు, కళ్లు చూశాడు, ట్యాబ్ తీసుకుని వేలితో కిందికీ పైకీ జరిపాడు.

“నీళ్లు బ్రహ్మాండంగా తాగుతున్నాడు. మరి ఈ మగత దేనికి?”

“మా పరిశోధనలో ఫస్టు మార్కు ఈయనదే సార్” అంది పెద్ద నర్సు మురిసిపోతూ.

“అయితే లోపం నీళ్లది కాదు. కొత్త మాత్ర ఒకటి మొదలుపెట్టి చూద్దాం, మధ్యాహ్నం నుంచి.”

గ్లాసులమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. పెద్ద నర్సు వెళుతూ వెళుతూ ఆమె భుజం తట్టి, “ఇంకో రెండు ఊళ్లవాళ్లు ‘నడపండి’ నొక్కారమ్మా పొద్దున! నీ చెయ్యి చల్లనిది” అంది. “అలాగా మేడమ్” అంది మా తోడికోడలు. ఏం చేస్తుంది, ఆ నోటికి వచ్చిందే అది.

నీకింకో ముక్క చెప్పాలి, ఇది చెప్పకపోతే ఆ ‘అలాగా’ ఆమెకి ఎంత బరువో నీకు తెలియదు. ఆమె మొగుడు, అంటే మా మరిది, చాలా ఏళ్ల కిందట గుండెల్లో నొప్పి వస్తోందని ఆమెకొక్కదానికే చెప్పాడు. అన్నావదినలకి చెప్పకు, కంగారుపడతారు, పని కాస్త తగ్గాక చూపించుకుంటాను అన్నాడు. సరే అంది. ఒక సాయంత్రం గుమ్మంలో సైకిలు దిగుతూ దిగుతూనే పోయాడు. “తెలిసి కూడా నోరు కుట్టుకు కూర్చుంది” అని మా అత్తగారు బతికినన్నాళ్లూ వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పింది. మా తోడికోడలు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. అదీ నిజమే కదా అన్నట్టు తల వంచుకుని వడ్డించేది.

మధ్యాహ్నం భోజనాల సందడిలో ఆమె దుప్పట్ల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఉతికిన దుప్పట్ల మూట మీద కూర్చుంది. మనిషికి చెప్పే ధైర్యం లేదు. అందుకని మొహం లేనిదానికి చెబుదామనుకుంది. ట్యాబ్‌లో ఆ వ్యాసం తీసి, అడుగున ‘తప్పు ఉంటే తెలపండి’ అన్నచోట వేలు పెట్టింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ‘డ్రైవరుగారు నీళ్లు తాగలేదు. నేను మొక్కకి పోశాను. ఖాళీ అని నొక్కాను. చాలా రోజులనుంచి.’

కొట్టేసి, పంపే మీట నొక్కి కూర్చుంది. అది తిడుతుందనుకుంది. లేకపోతే సర్లెండి అంటుందనుకుంది. ఆమె మనసులో ఆశ, సర్లెండి అంటే బాగుండునని.

జవాబు వెంటనే వచ్చింది. ‘చెప్పి మంచి పని చేశారు. పరిశోధన సంగతి తర్వాత చూద్దాం. ఆయన ఇప్పుడెలా ఉన్నారు? మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా వెంటనే అక్కడున్న నర్సుకు చెప్పండి. ఇది చదవడం ఆపేసి వెళ్లండి. నేను అక్కడ లేను, మీరున్నారు.’

కింద ఇంకో మాట ఉంది. ‘ఆయన ఎందుకు తాగనన్నారో తెలిస్తే వీలైనప్పుడు రాయండి. అది నేను ముందే అడగాల్సిన ప్రశ్న. అడగలేదు.’

ఆ చివరి మాట ఆమె అప్పుడు చదవలేదు. లేచి పరుగెత్తింది. ఆ పిక్కలతో ఆమె పరుగెత్తడం అక్కడెవరూ అంతకుముందు చూడలేదు.

పెద్ద నర్సు మాత్రలు విడదీస్తోంది. గ్లాసులమ్మ గుమ్మం దాటకుండానే మొత్తం చెప్పేసింది. ముందు మొక్క సంగతి, తర్వాత మాటిచ్చిన సంగతి, ఆఖరికి పొద్దున చర్మం జారని సంగతి. పెద్ద నర్సు వింటూ వింటూ చేతిలో మాత్ర డబ్బా మూత పెట్టేసింది.

“నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా? నేనేం పులినా, మింగేస్తానా?”

“కాదు మేడమ్. ఆయనకి మాటిచ్చాను.”

“మరి ఆ మొక్కకేం మాటిచ్చావు?” అని అరిచింది. అరిచి, ఆమెని పక్కకి తోసుకుంటూ వరండాలోకి ఉరికింది.

డాక్టరుకి ఫోను వెళ్లింది. కొత్త మాత్ర ఆపేశారు. సెలైన్ సీసా వచ్చింది, నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. సూది గుచ్చుతుంటే డ్రైవరుగారు కళ్లు తెరిచి, వేలాడే సీసా చూశాడు, పెద్ద నర్సుని చూశాడు, ఆమె భుజం వెనక నిలబడ్డ మా తోడికోడల్ని చూశాడు. అప్పుడు మాత్రం ఆమెని కండక్టరు అనుకోలేదు.

“చెప్పేశావా తల్లీ” అన్నాడు.

“చెప్పేశాను బాబాయిగారూ.”

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నువ్వే చెప్పు, చెప్పకపోతే ఒక పాపం, చెబితే ఇంకో పాపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. సీసాలో చుక్కలు పడుతుంటే ప్రతి చుక్కా తన నెత్తిన పడుతున్నట్టు కూర్చుంది. లేచి వెళ్లమని ఆయనా అనలేదు, పెద్ద నర్సూ అనలేదు.

ఎండ కిటికీ దిగిపోయే వేళకి ఆయన మగత విడింది. ఇటు కదిలాడు, అటు కదిలాడు. దుప్పటి అంచు నలపడం మొదలుపెట్టాడు. ఆమెకి అర్థమైంది. ఒంట్లోకి వెళ్లిన నీళ్లు ఊరుకుంటాయా?

“వెళదామా బాబాయిగారూ?”

అడ్డంగా తల ఊపాడు. గోడతో చెప్పినట్టు, “ఎవర్నీ పిలవకు. నువ్వొక్కదానివే” అన్నాడు.

ఒక చేత్తో ఆయన నడుము పట్టుకుని, రెండో చేత్తో సీసా వేలాడే చక్రాల కమ్మీ తోసుకుంటూ బయలుదేరింది. పొడుగాటి మనిషి, పొట్టి మనిషి. ఆయన బరువంతా ఆమె మెడమీద. వరండా అంత పొడుగ్గా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. గదుల్లోంచి జనం చూస్తారని ఆయన కాళ్లు తడబడుతుంటే, ఆమె ఆయన చెవి దగ్గర మెల్లిగా, “రైట్, రైట్” అంది.

ఆయన గొంతులోంచి ఏదో గరగర వచ్చింది. నవ్వే అది. “మలుపు దగ్గర హారన్ కొట్టాలి” అన్నాడు.

టీచరమ్మ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉంది. ఆశ్రమంలో ఎవరేం చేస్తున్నా కళ్లప్పగించే మనిషి, వాళ్లని చూడగానే కుర్చీ గోడవైపు తిప్పేసుకుంది.

లోపల ఆయన్ని కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. నిలబడి, చప్పుడు బయటికి వినిపించకుండా చెయ్యి కడుక్కునే కుళాయి తిప్పి వదిలేసింది. కొట్లో పనిచేసిన పిల్లలు పరాయి ఇళ్లల్లో అలాగే చేసేవారు.

తిరిగొచ్చి మంచం ఎక్కాక ఆయన చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. మొహంలో ముడతలు వదులయ్యాయి.

“ఇంతేనా?” అన్నాడు. “నువ్విలా తీసుకెళతావంటే తాగుదును కదా. రేపటినుంచి తాగుతాలే, తల్లీ.”

ఆ మాటే, అమ్మడూ, ఆమెని ఈనాటికీ పట్టుకుని వదలనిది. అన్ని రోజులు అన్ని పూటలు గ్లాసు పట్టుకుని కిటికీ దాకా నడిచింది. ఆయన చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడుద్దామని ఒక్క పూట తోచలేదు. కాదనలేని మంచితనం ఒకటి ఉంటుంది చూశావూ, అది చూడటానికి దయలా ఉంటుంది. లోపల వెతికితే బద్ధకమో, భయమో దొరుకుతుంది. ఇది నా మాట కాదు. ఆమే అంది, నా పక్కన కూర్చుని చిక్కుళ్లు వలుస్తూ.

మర్నాడు ఆమె పనిలోకి వెళ్లేసరికి చివరి గది తలుపు బార్లా తీసి ఉంది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. తెల్లారకముందే నిద్రలోనే పోయాడట, పక్క పొడిగా ఉందట. డాక్టరు గుండె అన్నాడు, వయసు అన్నాడు. నీళ్లవల్ల అని ఎవరూ అనలేదు. నీళ్లవల్ల కాదని కూడా ఎవరూ అనలేదు.

ఆ రోజు ఆమె మళ్లీ ఆ దుప్పట్ల మూట మీద కూర్చుని, ఏఐ అడిగిన ప్రశ్నకి జవాబు రాసింది. బస్సు సంగతి, ముక్కు మూసుకున్న సంగతి, వరండా పొడుగు సంగతి. అది వ్యాసాన్ని తిరగరాసింది. ఎర్ర గ్లాసువల్ల వచ్చిన లాభం మొదట చెప్పినంత లేదని రాసింది. నడుపుతున్న ఊళ్లకి కబురు పంపి, మీ దగ్గర తాగనివాళ్లని కారణం అడగండి, వాళ్ల మంచానికి మరుగుదొడ్డి ఎంత దూరమో చూడండి అంది. అడుగున చిన్న అక్షరాల్లో, ‘ఒకరి లెక్కలు నమ్మదగినవి కావని తొలగించాం’ అని ఉంది.

పెద్ద నర్సు అది చదివి వినిపించి, “నీ పేరు ఉంచమంటావా, తీసేయమంటావా?” అని అడిగింది. కోపంగా కాదు.

“నా పేరు ఉంచండి మేడమ్, తప్పు నాది కదా. ఆయన్నెందుకు తీసేశారు?” అంది మా తోడికోడలు. “ఆయన నమ్మదగని మనిషి కాదు కదా!”

పెద్ద నర్సు లేచి వెళ్లి, ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన ఆ ఎర్ర గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

మా తోడికోడలు ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. గ్లాసులమ్మ అనే పిలుస్తారు, కానీ గ్లాసులు పంచే పని ఇంకొకరిది. ఈమె పొద్దుటినుంచి సాయంత్రం దాకా మనుషుల్ని ఆ వరండాలో నడిపిస్తుంది. టీచరమ్మ, “బస్సు వచ్చిందర్రా, ఎక్కేవాళ్లు ఎక్కండి!” అని కేకేస్తుందట. అందరూ నవ్వుతారట, ఈమె తప్ప.

పొద్దుపోతోంది, ఇక లే. నీ పిల్లలకైనా, బస్సులో పక్క సీటు మనిషికైనా ఈ కథ ఎప్పుడైనా చెప్పు. డ్రైవరుగారు ఒకాయన ఉండేవాడని చెప్పు. నీకు నచ్చినట్టు పెంచుకో, తుంచుకో, నేనేమీ అనుకోను. ఒక్కచోట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి సుమా. అదిగో, మా వంటింటి కిటికీలో రెండు పిడుల ఎర్ర గ్లాసు. పొద్దున్నే ఆమె నీళ్లు నింపి పెడుతుంది, ఎవర్నీ ముట్టనివ్వదు. సాయంత్రం వచ్చి చూసుకుంటే నిండుగానే ఉంటుంది. ఖాళీ అనకు, నిండుగా ఉందనే చెప్పు.